ఈనిన నాటి నుంచి వట్టిపోయే దాకా మేక పాలలో వెన్న, మాంసకృత్తులు ఎందుకు మారుతాయి?

మీ ప్రశ్న సారాంశం ఇది. మీ మేకకు ఇది రెండో ఈత, ఈని ఏడు నెలలు దాటింది. మూడో వారంలో రోజుకు 2.6 కిలోల పాలు ఇస్తూ వెన్న 4.4 శాతం చూపించింది. మూడో నెలలో పాలు 3 కిలోలకు పెరిగాయి గాని వెన్న 3.1 శాతానికి పడిపోయింది, దాణా మార్చినా కదలలేదు. ఇప్పుడు దాణాలో ఏ మార్పూ లేకుండానే వెన్న 4.6కి చేరింది. పాలు మాత్రం 1.5 కిలోలకు తగ్గాయి, రుచిలో కొంచెం ఉప్పదనం తగులుతోంది, చీజ్ కోసం రెన్నెట్ (పాలను గడ్డకట్టించే ఎంజైమ్) వేస్తే గడ్డ మునుపటిలా గట్టిగా కట్టడం లేదు. ఇది జబ్బా, మేత లోపమా, సహజమా అని అడిగారు. మీరు చెప్పిన వాటిలో అధిక భాగం పాడి కాలం నడిచే తీరులో సహజంగా జరిగేదే. ఒక్క ఉప్పదనం విషయంలో మాత్రం ఊరుకోకుండా ఒక పరీక్ష చేసి చూడాలి, దాని గురించి కింద వివరంగా రాస్తాను.

అన్నిటికంటే ముందు, వెన్న శాతాన్ని చూసి మేక ఎంత వెన్న ఇస్తోందో అంచనా వేయడం మానుకోవాలి. శాతం అనేది వెన్నకూ మొత్తం పాలకూ మధ్య ఉన్న నిష్పత్తి మాత్రమే, అందులో ఏది మారినా అంకె మారుతుంది. మీ అంకెలనే గుణించి చూడండి. మూడో వారంలో 2.6 కిలోల పాలలో 4.4 శాతం అంటే రోజుకు సుమారు 114 గ్రాముల వెన్న. మూడో నెలలో 3 కిలోలలో 3.1 శాతం అంటే 93 గ్రాములు. ఇప్పుడు 1.5 కిలోలలో 4.6 శాతం అంటే 69 గ్రాములు. అంటే మీకు శాతం ఎక్కువగా కనిపిస్తున్న ఈ నెలలోనే మేక పొదుగు అన్నిటికంటే తక్కువ వెన్నను తయారు చేస్తోంది. ఇంకొక లెక్క కూడా వేయవచ్చు. మూడో వారం నాటి 114 గ్రాముల వెన్నే 3 కిలోల పాలలో పరుచుకుని ఉంటే శాతం 3.8 అయ్యేది. కాబట్టి 4.4 నుంచి 3.8 దాకా జరిగిన తగ్గుదల కేవలం పాలు పెరగడం వల్ల వచ్చిన పలుచదనం, అక్కడి నుంచి 3.1 దాకా జరిగిన తగ్గుదల మాత్రమే వెన్న తయారీ నిజంగా తగ్గడం వల్ల వచ్చినది. ఈ రెంటికీ కారణాలు వేరు, కనుక విడివిడిగా చూడాలి.

పాల పరిమాణాన్ని నిర్ణయించేది ప్రధానంగా లాక్టోజ్, అంటే పాలలోని చక్కెర. పొదుగులోని కణాలు గ్లూకోజ్ నుంచి లాక్టోజ్‌ను తయారు చేసి లోపలి కుహరంలోకి వదిలినప్పుడు, రక్తంతో సమానమైన ద్రవాభిసరణ పీడనం నిలవడానికి కావలసినంత నీరు దాని వెంట వచ్చి చేరుతుంది. లాక్టోజ్ ఎక్కువ తయారైతే నీరూ ఎక్కువ వస్తుంది, పాలు పెరుగుతాయి, లాక్టోజ్ శాతం మాత్రం పెద్దగా మారదు. అందుకే పాలలోని ఘనపదార్థాలలో అతి తక్కువగా ఊగిసలాడేది లాక్టోజ్. మేక పాలలో అది సాధారణంగా 4.1 నుంచి 4.8 శాతం మధ్య ఉంటుంది. పాడి పతాక స్థాయిలో ఉన్నప్పుడు పైఅంచున ఉండి, తర్వాత నెలనెలా కొద్దికొద్దిగా దిగుతూ పాడి చివరికి కింది అంచుకు చేరుతుంది. వెన్న, మాంసకృత్తులు గిన్నె ఆకారంలో నడుస్తాయి: మొదట ఎక్కువ, నడుమ తక్కువ, చివర మళ్లీ ఎక్కువ. లాక్టోజ్ ఆ దారిన పోదు, ఒకే దిశలో దిగుతుంది. ఈ తేడా గుర్తుంటే చివరి నెలల్లో వచ్చే ఉప్పదనం సులభంగా అర్థమవుతుంది.

ఈనిన వెంటనే వచ్చే ముర్రుపాల సంగతి వేరు. మొదటిసారి పితికిన పాలలో మొత్తం ఘనపదార్థాలు తరచుగా 20 శాతం దాటి ఉంటాయి, మామూలు మేక పాలలో అవి 12, 13 శాతం ప్రాంతంలో ఉంటాయి. ఆ అదనంలో పెద్ద వాటా ఇమ్యునోగ్లోబులిన్లది, వాటిలోనూ ముఖ్యంగా జి రకానిది. మేకలో తల్లి మాయ గుండా ఈ రక్షక మాంసకృత్తులు పిల్లకు చేరవు కాబట్టి, పిల్ల వ్యాధి నిరోధకత లేకుండానే పుడుతుంది. దాని పేగు వీటిని చెదరకుండా రక్తంలోకి పీల్చుకోగలిగేది మొదటి రోజు మాత్రమే, అందులోనూ గంటలు గడిచే కొద్దీ ఆ శక్తి తగ్గిపోతుంది. ముర్రుపాలను కాస్తే గడ్డకట్టేది కూడా వేడికి త్వరగా గట్టిపడే ఈ మాంసకృత్తుల వల్లనే. రెండో రోజుకే వీటి మోతాదు గణనీయంగా పడిపోతుంది, నాలుగైదు రోజులకు పాలు దాదాపు మామూలు స్థితికి వస్తాయి. కాబట్టి మొదటి వారంలో తీసిన వెన్న అంకెలను మిగతా నెలలతో పోల్చకండి, ఆ పాలను చీజ్‌కు వాడే పాలలో కలపకండి.

ముర్రుపాల దశ దాటాక మొదటి కొన్ని వారాలు వెన్న ఎక్కువగా ఉండడానికి కారణం మేక తన ఒంటి కొవ్వును కరిగించి పాలలో పోయడం. ఈనిన తర్వాత పాల దిగుబడి నాలుగు నుంచి ఎనిమిది వారాల మధ్య పతాక స్థాయికి చేరుతుంది, కాని మేత తినే శక్తి అంత వేగంగా పెరగదు, అది కొన్ని వారాలు వెనకబడి ఉంటుంది. ఆ లోటును ఒంటి కొవ్వు భర్తీ చేస్తుంది. ఒంటి నుంచి వచ్చే ఈ కొవ్వులో పద్దెనిమిది కార్బన్ల పొడవైన కొవ్వు ఆమ్లాలు, అంటే స్టియరిక్, ఒలీయిక్ ఆమ్లాలు అధికం. మేక పాలకు ప్రత్యేకమైన కాప్రోయిక్, కాప్రిలిక్, కాప్రిక్ ఆమ్లాలు ఒంటి కొవ్వు నుంచి రావు. వాటిని పొదుగే స్వయంగా తయారు చేసుకుంటుంది, అందుకు కావలసిన ముడిసరుకు అయిన ఎసిటేట్ పీచుమేత కడుపులో పులిసినప్పుడు పుడుతుంది. మేక తిండి పుంజుకుని ఒంటి కొవ్వు కరగడం ఆగిన కొద్దీ పాల కొవ్వులో వీటి వాటా పెరుగుతుంది. అంటే వెన్న శాతం తగ్గే కాలంలోనే వెన్న స్వభావం కూడా మారుతోందన్న మాట.

ఇక్కడ పశుపోషకులు తరచుగా పొరబడే చోటు ఒకటుంది. తొలి వారాల్లో వెన్న బాగా వస్తే మేత బాగా కుదిరిందని సంతోషిస్తారు, మూడో నెలలో తగ్గితే మేత చెడిందని కంగారు పడతారు. నిజానికి తొలి వారాల్లో వెన్న మరీ ఎక్కువగా ఉండి, మాంసకృత్తులు తక్కువగా ఉండి, మేక వెన్నెముక, తుంటి ఎముకలు తేలుతూ దాణా వాసన చూసి వదిలేస్తుంటే, అది కంగారు పడవలసిన వెన్న. శరీరం శక్తి చాలక కొవ్వును అదుపు లేకుండా కరిగిస్తున్నదనీ, కీటోసిస్ (కొవ్వు అతిగా కరిగి రక్తంలో కీటోన్లు పేరుకునే జబ్బు) దగ్గరలో ఉందనీ దాని అర్థం. మీ మేక విషయంలో మూడో నెలలో పాలు పెరిగి, వెన్న తగ్గి, ఒళ్లు నిలదొక్కుకుని ఉంటే అది ఆరోగ్యకరమైన మలుపే.

పాడి నడిమి నెలల్లో, సుమారుగా మూడు నుంచి ఐదో నెల దాకా, వెన్న శాతం అట్టడుగున ఉంటుంది. పాలు బాగా ఇచ్చే సానెన్, ఆల్పైన్ వంటి జాతుల్లో ఈ కాలంలో వెన్న శాతం మాంసకృత్తుల శాతం కంటే కిందికి దిగడం కూడా తెలిసిన విషయమే. మీరు దాణా మార్చినా అంకె కదలకపోవడానికి కారణం, అప్పుడు పనిచేస్తున్నది ప్రధానంగా పాడి దశ కావడం. అయినా మేతకు పాత్ర లేదనుకోకూడదు. పీచు తగ్గి, పిండి దాణా పెరిగితే ఎసిటేట్ తగ్గి వెన్న ఇంకా పడిపోతుంది, కాబట్టి వెన్న తగ్గిందని దాణా గుప్పెడు గుప్పెడు పెంచుతూ పోతే ఫలితం తలకిందులవుతుంది. ఆ స్థితిలో నాణ్యమైన ఎండుమేత, ఆకుమేత పెంచడం మేలు. ఆవుకూ మేకకూ ఇక్కడ ఒక తేడా ఉంది. దాణాలో నూనె గింజలు గాని కొవ్వు గాని కలిపినప్పుడు ఆవు పాలలో ఒక్కోసారి వెన్న తగ్గుతుంది, మేక పాలలో మాత్రం దాదాపు ఎప్పుడూ పెరుగుతుంది. ఆవుల కోసం రాసిన సలహాలను మేకలకు యథాతథంగా అన్వయిస్తే కుదరని చోట్లలో ఇదొకటి.

ఋతువు ప్రభావాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. వేడి కాలంలో వెన్న, మాంసకృత్తులు రెండూ తగ్గుతాయి, చల్లని కాలంలో పెరుగుతాయి. చలి దేశాల్లో మేకలు పగటి వేళ తగ్గే శరదృతువులో ఎదకు వచ్చి, వసంతంలో ఈనుతాయి కాబట్టి, అక్కడ పాడి నడిమి నెలలు వేసవిలోనూ, చివరి నెలలు చలికాలంలోనూ పడతాయి. ఆ మందల నుంచి గీసిన పటాల్లో పాడి దశ ప్రభావమూ ఋతువు ప్రభావమూ ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఉంటాయి. అందువల్ల, పుస్తకాల్లో కనిపించే ఆ నున్నని గీతను చూసి మీ మేక దాని మీదే నడవాలని పట్టుబట్టకండి. అది ఎన్నో మేకల సగటు, ఏ ఒక్క మేకా అంత నున్నగా నడవదు.

మాంసకృత్తులు దాదాపు ఇదే దారిలో నడుస్తాయి గాని ఊగిసలాట వెన్న కంటే తక్కువ. వీటి విషయంలో పాడి దశతో పాటు పుట్టుకతో వచ్చిన లక్షణం బలంగా పనిచేస్తుంది. పాలు గడ్డకట్టినప్పుడు గడ్డగా మారే మాంసకృత్తులను కేసీన్లు అంటారు. మేకల్లో వాటిలో ఒకటైన ఆల్ఫా ఎస్1 కేసీన్‌ను తయారు చేసే జన్యువు పలు రూపాల్లో ఉంది. బలమైన రూపం ఒక్కొక్కటి లీటరు పాలకు 3.6 గ్రాముల దాకా ఈ కేసీన్‌ను చేరిస్తే, బలహీన రూపం 0.6 గ్రాములే ఇస్తుంది, శూన్య రూపం అసలు ఇవ్వదు. ఒకే నెలలో ఈని, ఒకే మేత తిన్న రెండు మేకల పాలు రెన్నెట్‌కు వేర్వేరుగా స్పందించడానికి ఇదొక ముఖ్య కారణం. అయితే ఈ జన్యువు పాడి మధ్యలో మారదు. మీ మేక పాలే మొదట గట్టిగా గడ్డకట్టి ఇప్పుడు కట్టడం లేదంటే, కారణం మరొకచోట వెతకాలి.

ఆ కారణం పాడి చివరి దశలో పొదుగు లోపల జరిగే మార్పు. పతాక స్థాయి దాటినప్పటి నుంచి పాలు తయారు చేసే కణాలు క్రమంగా తగ్గుతుంటాయి, ఆరేడు నెలలకు ఆ తగ్గుదల స్పష్టంగా కనిపిస్తుంది. ఆ కణాలు ఒకదానితో ఒకటి గట్టిగా అతుక్కుని ఉన్నంత కాలం రక్తంలోని లవణాలు పాలలోకి, పాలలోని లాక్టోజ్ రక్తంలోకి దారి తప్పి పోవు. చివరి నెలల్లో ఈ అతుకులు వదులవుతాయి. రక్తం వైపు నుంచి సోడియం, క్లోరైడ్ పాలలోకి జారుతాయి, పాలలోని పొటాషియం, లాక్టోజ్ బయటికి జారుతాయి. తీపినిచ్చే లాక్టోజ్ తగ్గి, ఉప్పదనమిచ్చే క్లోరైడ్ పెరగడంతో నాలుకకు తేడా వెంటనే తెలుస్తుంది. రక్తం పాల కంటే క్షారగుణం గలది కనుక పాల పిహెచ్ కూడా కొంచెం పైకి పోతుంది, పిహెచ్ పెరిగితే రెన్నెట్ నెమ్మదిస్తుంది. దీనికి తోడు రక్తం నుంచి వచ్చే ప్లాస్మిన్ అనే ఎంజైమ్ చివరి దశ పాలలో చురుకవుతుంది, అది ముఖ్యంగా బీటా కేసీన్‌ను ముక్కలు చేస్తుంది. మేక పాలలోని కేసీన్లలో ఎక్కువ భాగం బీటా కేసీనే కాబట్టి దెబ్బ గట్టిగా తగులుతుంది. మొత్తం మాంసకృత్తుల శాతం పెరిగినట్టు యంత్రం చూపిస్తున్నా, గడ్డకు అల్లికనిచ్చే చెక్కుచెదరని కేసీన్ వాటా తగ్గి ఉంటుంది. లీటరుకు వచ్చే చీజ్ బరువు పెరిగి, గడ్డ మాత్రం మెత్తబడడంలోని వైరుధ్యం ఇలా విడిపోతుంది.

మేక చూడితో ఉంటే ఈ దశ ఇంకా ముందుగా, ఇంకా నిటారుగా వస్తుంది. చూలు కట్టని మేకల్లో పాడిని ఏడాది దాటి కూడా పొడిగించవచ్చు, వాటిలో ఈ మార్పులు నింపాదిగా సాగుతాయి. మీ మేకను పోతుకు కలిపారో లేదో మీరు రాయలేదు, కలిపి ఉంటే పాలు సగానికి తగ్గడంలో ఆశ్చర్యం లేదు.

ఇక ఉప్పదనం. పైన చెప్పిన కారకాలన్నీ, అంటే అతుకులు వదులవడం, క్లోరైడ్ పెరగడం, లాక్టోజ్ తగ్గడం, ప్లాస్మిన్ చురుకవడం, పొదుగువాపులో కూడా అచ్చంగా ఇలాగే జరుగుతాయి. సొమాటిక్ కణాల లెక్క, అంటే పొదుగువాపును పట్టడానికి పాలలోని శరీర కణాలను లెక్కించడం, ఈ చిక్కును విప్పకపోగా పెంచుతుంది. మేకలో పాలు ఊరే పద్ధతి వల్ల కణాల అంచులు తెగి పాలలో కలుస్తాయి, డీఎన్ఏను గుర్తించని పద్ధతితో లెక్కపెడితే అవీ కణాలుగానే లెక్కకు వస్తాయి. అది అలా ఉంచినా, ఏ జబ్బూ లేని మేకలో సైతం పాడి చివర మిల్లీలీటరుకు పది లక్షలు దాటడం, ఎదకు వచ్చిన రోజుల్లో పెరగడం మామూలే. అమెరికాలో ఆవు పాలకు 7.5 లక్షల పరిమితి పెట్టి, మేక పాలకు 15 లక్షల దాకా అనుమతించడం వెనక ఉన్నది ఈ వాస్తవమే.

అందువల్ల నా సలహా అంకెను పట్టుకోకుండా రెండు పక్కలను పోల్చమని. మేక పొదుగులో రెండు భాగాలు ఒకదానితో ఒకటి సంబంధం లేనివి. పాడి దశ వల్ల వచ్చే మార్పు రెండింటిలోనూ సమానంగా ఉంటుంది, పొదుగువాపు సాధారణంగా ఒక పక్కనే మొదలవుతుంది. పాలు పితకబోయే ముందు చనుమొనలు శుభ్రం చేసి తుడిచి, తొలి ధారలను నల్లని పళ్లెంలోకి పట్టి తునకలు, తీగలు ఉన్నాయేమో చూడండి. తర్వాత రెండు పక్కల పాలను పరీక్ష పళ్లెంలోని రెండు వేర్వేరు గిన్నెల్లో కొద్దిగా పట్టి, కాలిఫోర్నియా మాస్టైటిస్ పరీక్ష ద్రావణాన్ని సమానంగా కలిపి, పళ్లెం గుండ్రంగా తిప్పండి. చివరి నెలల్లో రెండు పక్కలూ కొద్దిగా చిక్కబడి జారితే దాన్ని జబ్బుగా భావించనక్కరలేదు. ఒక పక్క నీళ్లలా జారుతూ, రెండో పక్క జిగురుగా ముద్దకట్టి పళ్లెం మధ్యకు చేరుకుంటే ఆ పక్కను అనుమానించాలి. పాలు పితికిన తర్వాత రెండు పక్కలను చేత్తో నొక్కి చూస్తే గట్టిదనం, వేడి, గడ్డలు తేడాగా తగులుతాయి. ఆ తేడా ఉంటే పాల నమూనాను సూక్ష్మజీవుల పరీక్షకు పంపించి, పశువైద్యుడు చెప్పిన తర్వాతే మందు వాడండి. అనుమానం తీరే దాకా ఆ పాలను పచ్చిగా రుచి చూడవద్దు, ఎవరికీ ఇవ్వవద్దు.

మీ అంకెల మీద నాకు ఒక చిన్న సందేహం కూడా ఉంది: నమూనా ఎలా తీస్తున్నారు? పితకడం మొదలుపెట్టినప్పటి పాలలో వెన్న తక్కువ, చివరి ధారల్లో ఎక్కువ. రెండు పూటల మధ్య ఎడం సమానంగా లేకపోతే, ఎక్కువ ఎడం తర్వాత తీసిన పాలు పరిమాణంలో ఎక్కువగా, వెన్నలో తక్కువగా ఉంటాయి. పిల్లలు తాగిన తర్వాత పితికితే మీకు దొరికేది చివరి పాలే, అది నిజమైన శాతం కంటే ఎక్కువ చూపిస్తుంది. తొలి వారాల్లో పిల్లలు తాగుతూ ఉండి, తర్వాత వాటిని పాలు మాన్పించి ఉంటే మీ 4.4 శాతంలో కొంత భాగం ఈ కారణంగానే వచ్చి ఉండవచ్చు. ఒక రోజు రెండు పూటల పాలనూ పూర్తిగా పితికి, ఒక్కొక్క పూటదీ బాగా కలియబెట్టి, ఏ పూట పాలు ఎంత ఉంటే ఆ దామాషాలో నమూనా తీసి కలపండి. యంత్రంతో కొలిచేటట్లయితే అది మేక పాలకు సరిదిద్ది ఉండాలి, ఆవు పాల అమరికతో చదివితే మాంసకృత్తులు, ఎస్ఎన్ఎఫ్ (వెన్న కాక మిగిలిన ఘనపదార్థాలు) తప్పుగా వస్తాయి. పాల సాంద్రతను కొలిచే లాక్టోమీటర్ ఒక్కదాని మీదే ఆధారపడడం ఇంకా ప్రమాదం, వెన్న పెరిగితే పాల సాంద్రత తగ్గి, చిక్కని పాలే నీళ్లు కలిసినట్టు కనిపిస్తాయి.

చీజ్ విషయానికి వస్తే, పొదుగువాపు లేదని తేలాక ఈ పాలను ఒంటరిగా వాడకుండా, ఇటీవల ఈనిన మేకల పాలతో కలపడం అన్నిటికంటే సులభమైన మార్గం. ఒకే మేక ఉంటే వంద లీటర్లకు 20 గ్రాములకు మించకుండా కాల్షియం క్లోరైడ్ కలిపి, తోడు వేసి పాలు కొంచెం పులిసే దాకా ఆగి పిహెచ్ దిగిన తర్వాత రెన్నెట్ వేయండి, గడ్డను కోయడానికి మామూలు కంటే ఎక్కువ సేపు ఆగండి. ఎక్కువ కాలం మగ్గబెట్టే గట్టి చీజ్‌కు ఈ పాలు పనికిరావు, ప్లాస్మిన్ నిల్వలో కూడా పని చేస్తూ చేదు తెస్తుంది. తాజాగా తినే మెత్తని రకాలకు, పెరుగుకు వాడుకోవచ్చు.

మేక చూడితో ఉంటే, 150 రోజుల గర్భకాలంలో చివరి రెండు నెలలు పొదుగుకు విశ్రాంతి దొరికేలా, మూడో నెల నిండేసరికి పాలు తీయడం ఆపాలి. దాణాను వారం ముందు నుంచి తగ్గిస్తూ వస్తే వట్టిపోవడం తేలికవుతుంది. ఆ చివరి రోజుల్లో రోజుకు పావులీటరు వచ్చినప్పుడు వెన్న 6 శాతం చూపించినా ఆ అంకెను మీ పట్టికలో రాసుకోండి గాని, పక్కనే ఆ రోజు పాల బరువును కూడా తప్పకుండా రాయండి.